ముల్లు ఎవరు పెట్టాలి?

గ్రామఫోన్ రికార్డులు పాడుచేసేది మీరే, మగమహారాజులూ! నిన్న నోయిడాలో ఒక మిత్రుడు ఉన్ని స్వెట్టర్ చేత్తో రికార్డు తుడుస్తూ, భార్యతో "నువ్వు ముట్టకు, గీతలు పడతాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఢిల్లీ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లూ, చలికాలం స్వెట్టర్ విప్పితే వచ్చే కరెంటు చిటపటలు గుర్తున్నాయా? మా ఇంట్లో రికార్డులు తుడిచేది అమ్మ, ప్లేయర్ ముల్లు పెట్టే హక్కు మాత్రం నాన్నది. ఒకరోజు ఆయన ఉన్ని శాలువా రాసుకుని, ఆ కరెంటుకే అమ్మకు ప్రాణమైన పాట రికార్డుకు దుమ్మంతా అంటుకుంది. పాట మధ్యలో పేలాలు వేగాయి.

"ఇదేనా నీ తుడుపు?" అన్నారు నాన్న.

"ముందు ఆ శాలువా విప్పండి," అంది అమ్మ. మెత్తటి తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ముల్లు తనే పెట్టింది. పాట తేటగా వచ్చింది. "అచ్ఛా," అన్నారు నాన్న, అంతే.

నా డిమాండ్లు:
రికార్డును అంచుల దగ్గరే పట్టుకోండి.
ఉన్ని తగలనివ్వకండి.
ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి.
మీ ఆవిడ పాట ఆవిడనే పెట్టుకోనివ్వండి.