గనిలో మేకపిల్ల, గోడ మీద ఎర్ర మచ్చ

నేను నోటితో చెప్తాండా, రాసేవాళ్లు రాసుకుంటాండారు. నాకు సంతకం వరకే వచ్చు. గొంతు మటుకు దండిగా ఉండాది. బేతంచెర్ల నాపరాయి గనిలో ఇరవై ఏండ్లు మిషన్ల రొద మీద అరిచి అరిచి ఇట్లా బొంగురుపోయింది.

మా ఆయన పోయినంక ఒక మేకను పెట్టుకున్నా. అది ఈనిన మొదటి పిల్ల, నెల గూడ నిండలా, గనిలో యాడో పడిపోయింది. ముందురోజు పొద్దున్నుంచి దానికి పాలు లేవు. తల్లిని గని ఒడ్డున కట్టేసినా, పొదుగు రాయి మాదిరి గట్టిపడింది. పిల్ల అరుపు ఇనపడ్తాది, పిల్ల కనపడదు. సాయంత్రందాకా బతికేది కష్టమనుకున్నా.

ఆ పొద్దు కర్నూలు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది, కోత మిషన్లలో యాది ఎక్కువ రొద చేస్తాందో చూసేకి. ఆయమ్మ తెచ్చింది జల్లెడంత పలక, దాని నిండా శనగగింజలంత మైకులు, నడుమ కెమెరా, ఎనక కెమెరా బొమ్మ చూపే తెర. శబ్దం యాడినుంచి వస్తే తెర మీద ఆడ ఎర్ర మచ్చ పడ్తాది. అన్నాలకు మిషన్లు ఆపినారు. పోయి అడిగినా.

"అమ్మా, మిషన్ను పట్టేది మేకను పట్టదా?"

"చూద్దాం అవ్వా. అయితే నువ్వు గమ్మునుండల్ల."

ఆడ తింటాండే కూలోళ్లు పకపకా నవ్వినారు. "పెద్దమ్మ గమ్మునుండేదా? మేకే నయం మేడమ్!"

గని అంచున బండ మీద పలకను నిలబెట్టింది. పిల్ల అరిచింది. తెరలో ఎదురుగోడ మీద ఎర్ర మచ్చ పడింది. కూలోళ్లు ఇద్దరు తాడు తీసుకోని ఆ పక్కకు ఉరికినారు. ఆడేముండాది? కోసిన గోడ, నున్నగా, బల్లి నిలబడేకి గూడ చోటు లేదు. పిల్ల మళ్లా అరిచింది. మచ్చ మళ్లా ఆడనే.

నాకు కడుపు మండిపోయింది. "యాడ సచ్చినావే దొంగముండా!" అని కేకేసినా.

"అవ్వా, గమ్మునుండమంటే..." అంటానే ఆయమ్మ తెర చూసి ఆగిపోయింది. నా కేక గూడ ఎదురుగోడ మీదనే, అదే చోట ఎర్రగా పడిండాది.

"నేనుండేది ఈడ గదమ్మా!"

"గోడకు తగిలి తిరిగొస్తాంది అవ్వా. అంటే పిల్ల గూడ..."

ఇద్దరం కాళ్ల కిందికి చూసినాం.

నాకు సిగ్గేసింది. ఆ గనిలో మా ఆయన కిందినుంచి పిలిస్తే, నేను ఎదురుగోడ పక్కకు తిరిగి పలికేదాన్ని. ఆయన పడీపడీ నవ్వేవాడు. అంత తెలిసిందాన్ని, ఆ పొద్దు గురుతుకే రాలా.

బోర్లా పడుకోని బండ కింది సందులో చెయ్యి పెట్టినా. ఏందో తడిగా నా వేలు చీకింది. పట్టి లాగుదామంటే నా భుజం దూరలా.

"జరుగు అవ్వా" అని ఇంజనీరమ్మ తెల్లబట్టలతోనే ఆ దుమ్ములో పడుకునింది. ముంజేతులు గీరుకపోయినా ఇడిసిపెట్టలా, ముందరికాలు పట్టి మెల్లగా ఈడ్చింది.

పిల్ల నిలబడలేకపోయింది. తల్లి కింద పెట్టి నేనే పట్టుకున్నా. నాలుగు గుక్కలు పోయినంక తోక ఆడించింది. అవతల కూలోళ్లు మటుకు ఇంగా తాడు పట్టుకోని ఆ గోడంతా ఎతుకుతానే ఉండారు.

"పెద్దమ్మా, ఈడ ఏమీ లేదే!"

నేను పలకలా. ఆ పొద్దుకంతా గమ్మునుండింది ఆ ఒక్కసారే.