ముప్పై కౌంటు

నెల్లూరు మార్కెట్లో రొయ్యలమ్మే ఆమె "ముప్పై కౌంటు, రండక్కా!" అని కేకేస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల షెడ్డులో మా అమ్మ తలలు తీసే పనికి పోయేది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్పై అంటే బలిసిన రొయ్య, తొంభై అంటే చిన్నపాటి పొడి రొయ్య. కౌంటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మా ఇంట్లో నేను విన్న లెక్క అదొక్కటే. అందుకే రెండో తరగతిలో మార్కులు చెప్పగానే సంబరంగా షెడ్డుకు పరుగెత్తాను.

"అమ్మా, నాది ముప్పై! పక్కింటి సుజాతది తొంభై, పాపం!"

షెడ్డంతా నవ్వింది. "దానికి చదువెందుకు మే? మా పిల్లోళ్ల మాదిరి ఈడికే పిలుచుకోని రా. ఇంకో కూలి వస్తాది," అంది పక్క బల్ల దగ్గరి అక్క.

అక్షరం ముక్క రాని మా అమ్మ ఐసునీళ్లలోంచి చేతులు తీసి తుడుచుకుంది. "గంజి తాగైనా బతకతాంలే అక్కా. బిడ్డ బడికే పోతాది."

ఇప్పుడు నేను హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. చదువే మమ్మల్ని గట్టెక్కించిందని అందరూ అంటారు. నిజమే. కానీ ఆ షెడ్డులో రెండో కూలి వద్దన్న మనిషి ఒక్కతే.

రొయ్యల లెక్కలో చెప్పాలంటే, మా అమ్మ ఒకటి కౌంటు.