బెంగాలీ కవి పుస్తకంలో నా రెండు పంక్తులు

1953, శ్రావణ శుక్రవారం, పగలు పదకొండున్నర. వికారాబాద్‌లో మేము కిరాయికున్న ఇంటికి టపాలో ఒక బెంగాలీ పుస్తకం వచ్చింది. నా పెనిమిటి బడిపంతులు. పోలీసు చర్య అయిన ఏడాది నుంచి కూలీల సంఘం పనుల్లో తిరుగుతూ, కొండమీది ఆసుపత్రిలో పనిచేసే ఒక బెంగాలీ కాంపౌండరు దగ్గర ఆ భాష నేర్చుకున్నాడు. పుస్తకం మొదటి పేజీలో గడ్డంతో ఫోటో ఉన్న ఆ కవి కలకత్తా మిల్లు కూలీల సమ్మెలో జైలుకు పోయినవాడు. అక్కడ సిగరెట్ పెట్టెల అట్టల మీద బొగ్గుతో కవిత్వం రాశాడట. ఆ సంగతి నేను ఒక్క వారంలో నాలుగుసార్లు విన్నాను.

అంతకుముందు ఆయన బడి నుంచి రాగానే వంటింటి గడప మీద కూర్చుని నేను కట్టిన పాటలు వినేవాడు. ఏ మాట కుదిరింది, ఏది కుదరలేదు చెప్పేవాడు. పుస్తకం వచ్చాక అదే చోట కూర్చుని తన తర్జుమాలు నాకు వినిపించసాగాడు. మా అత్త నా ముఖం చూసి కనిపెట్టింది.

"గడ్డమున్న సవతి వచ్చె బిడ్డా. జడ ఉంటె పట్టి గుంజుదువు. ఫోటోల గడ్డాన్ని ఏం గుంజుతవు?"

1956లో తాండూరుకు బదిలీ అయింది. బండల గనుల కూలీల సభలో ఆయన ఆ కవి జైలు పద్యం చదివితే ఆడవాళ్లు మధ్యలో లేచి నీళ్లకు పోయారు. మర్నాడు నేను వాళ్ల మధ్య కూర్చుని, దాన్ని బతుకమ్మ వరుసలోకి మార్చి, ప్రతి పంక్తికీ ఉయ్యాలో తగిలించాను. చివర నా సొంతవి రెండు కలిపాను.

బండ పగులగొట్టు చేతికి ఉయ్యాలో
బందిఖాన ఎంతది ఉయ్యాలో

నెల తిరక్కముందే బషీరాబాద్ దాకా పాడారు. అంత పెద్ద కవి చేత బతుకమ్మ ఆడించానని ఆయన నాతో సరిగా మాట్లాడలేదు.

1959 ఎండాకాలం, హైదరాబాద్‌లో సభ చూసుకుని బొంబాయి పోతూ ఆ కవి, నా పెనిమిటి ఉత్తరాలు రాసి పిలిస్తే, తాండూరులో దిగాడు. పొట్టి మనిషి. నా జొన్నరొట్టె నమలలేక పులుసు తాగి ఊరుకున్నాడు. నాకు లోపల సంతోషమైంది. గని దగ్గర ఆడవాళ్లు పాడుతుంటే బందిఖాన పంక్తి అర్థం చెప్పించుకుని, చెయ్యెత్తి ఆపించాడు. అది తాను రాయలేదని, ఎవరు రాశారని అడిగాడు. నా పెనిమిటి ఆ మాట మాకందరికీ తెలుగులో చెప్పాడు. ఆడవాళ్లు నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను. ఆయన బెంగాలీలో జవాబిచ్చాడు. కవి కూలీలందరికీ కలిపి ఒక దండం పెట్టి, పంక్తులు రాసుకున్నాడు.

నా పెనిమిటి కవిని రైలెక్కించి వచ్చాక అడిగాను.

"ఏం చెప్పిన్రు?"

"ప్రజలు కట్టిన్రని చెప్పిన."

"కట్టింది నేను గద."

"నువ్వు ప్రజల్ల లేవా? పెద్దాయన ముందట నా పెండ్లాం రాసిందంటె ఏం బాగుంటది?"

1961లో కవి కొత్త పుస్తకం వచ్చింది. అందులో నా పంక్తులు బెంగాలీలో ఉన్నాయి, కింద దక్కను పల్లెపాట అని. ఆయన మురిసిపోయి, వాటిని మళ్లీ తెలుగు చేసి నాకు వినిపించాడు. ఎంత గొప్పగా పట్టుకున్నాడో చూడు, అన్నాడు.

పోయినవి: పంక్తులు రెండు, పేరు ఒకటి, ఆ తర్వాత కట్టి ఎవరికీ వినిపించక మరిచిపోయిన పాటలు పదకొండు.