విమానానికి నడిచిన నస్తాస్యా

నస్తాస్యా అవునని నోటితో చెప్పదు, కనుబొమలు పైకెత్తుతుంది. అలాస్కాలో మా యూపిక్ వాళ్ళందరికీ అదే అలవాటు. సాల్మన్ చేపలు కోయడంలో మాత్రం ఆమెలాంటి చెయ్యి మా ఊళ్ళో ఇంకొకటి లేదు. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కున్నా, కత్తి ఎక్కడా తడబడదు. మొగుడు నికిఫర్ ఆ మణికట్టు విరిచిన రోజున వైద్యశాలలో పనిలో ఉన్నది అతని మేనత్తే. "జారిపడ్డావు కదే?" అని అడిగి, ఆమె కనుబొమలు కదలకపోయినా అలాగే రాసేసింది. పోలీసులు పట్నం నుంచి విమానంలో రావాలి. పొగమంచు తొలగి వాళ్ళు వచ్చేసరికి నాలుగు రోజులైంది. వాళ్ళకు టీ కాచి ఇచ్చింది నికిఫరే.

మొన్న మధ్యాహ్నం ఆమె చేపల బకెట్లో బట్టలు కుక్కుకుని, విమానం ఆగే చోటికి నడిచింది. అక్కడ సీట్లు రాసేది నికిఫర్ అన్న వాసిలీ.

"తమ్ముడికి చెప్పే వచ్చావా?"

"చెప్తే రానిస్తాడా, బావా?"

"ఇంటి గుట్టు పట్నంలో పెడతావా?" అంటూ అతను రేడియో అందుకున్నాడు. ఆ రేడియోలో ఎవరు మాట్లాడినా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. "నికిఫర్, నీ పెళ్ళాం ఇక్కడుంది. వచ్చి తీసుకుపో."

అరవై ఇళ్ళలోనూ విన్నాం. ఎవరమూ గుమ్మం దాటలేదు. విమానం ఖాళీ సీటుతోనే లేచిపోయింది.

నికిఫర్ మోటారుసైకిల్‌లా ఎక్కి నడిపే నాలుగు చక్రాల బండి మీద వచ్చాడు. "పద, చేపలు పాడైపోతున్నాయి," అన్నాడు నవ్వుతూ. ఆమె వెనక ఎక్కింది. దారంతా గతుకులే. పట్టుకోవడానికి అతని నడుము తప్ప ఏమీ లేదు. దాన్నే పట్టుకుంది.