సూర్యావతి ఎర్రగుడ్డ

రిసాలిలో సూర్యావతి దగ్గర పాలు పోయించుకునే మా అందరికీ ఒక అలవాటుంది. ముందు గేదెల కాళ్ళు చూస్తాం, ఆ తర్వాతే క్యాను చాపుతాం. ముందుకాలికి ఎర్రగుడ్డ కట్టి ఉంటే ఆ గేదెకి మందు నడుస్తోందని అర్థం. డాక్టరు సరేననేదాకా దాని పాలు మురుగుకాల్వకే. గేదెల కొట్టాన్ని ఖటాల్ అనడం ఆవిడ ఈ హిందీ ఊరొచ్చాక నేర్చుకుంది గానీ, గుడ్డ పద్ధతి మాత్రం ఆవిడ సొంతం.

ఆవిడది టెక్కలి వైపు. ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో పనిచేసే భర్త పోయాక గేదెలే బతుకయ్యాయి. నోరు మాత్రం పెద్దది. పాలు విరిగాయని ఎవరైనా అంటే గిన్నె సరిగ్గా తోముకోమంటుంది. గేదె చేపడానికి రోజూ సూది పొడిచే పక్క ఖటాల్ వాళ్ళని ఆవిడ తిట్టే తిట్లు నేనిక్కడ రాయలేను. వెనక్కాళ్ళకి తాడు బిగించి పాలు తియ్యడం ఆవిడ ఎరగదు. గేదె తన్నిందంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టే, అదేదో చూసుకోవాలి అంటుంది.

తల్లి పోయాక తమ్ముడు తిరుమలరావుని చంకనేసుకుని పెంచింది ఆవిడే. హథ్‌ఖోజ్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డు మూతబడితే ఖటాల్‌కి తెచ్చుకుంది. మణికట్టు వాచి తను పిండలేకపోతున్నప్పుడు చెంబు అతనికిచ్చి, దాణా పని తను చూసుకుంది. ఇంటి మనిషి కాబట్టి వెనక నిలబడి చూడాలని ఆవిడకి తోచలేదు. మాకూ తోచలేదు.

మొన్న వానల్లో, నల్లది అని పిలిచే గేదెకి పొదుగువాపు వచ్చింది. డాక్టరు పెన్సిలిన్ వేశాడు, సూర్యావతి గుడ్డ కట్టింది. ఆ రోజుల్లోనే సెక్టార్ ఏడు నుంచి, మాలాగే ఇక్కడ పాలు పోయించుకునే ఛాయ వచ్చింది. వాళ్ళమ్మాయి వాసవికి పెన్సిలిన్ పడదు. పిల్ల ఒళ్ళంతా దద్దుర్లు, మొహం వాచిపోయి ఆసుపత్రిలో ఉంది. ఆ గేదె పాలు పొరపాటున కలిశాయేమోనని ఛాయ మెల్లగానే అడిగింది.

సూర్యావతికి ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ తమ్ముణ్ణి పిలిచి, అతని నెత్తిన చెయ్యి వేసింది.

"ఈడి మీద ఒట్టు. నా ఖటాల్‌లో ఆ పని జరగదు."

ఆవిడ పొట్టి మనిషి. చెయ్యి అందాలని తిరుమలరావు తల వంచాడు. ఆ ఒట్టు విన్నాక ఇంకెవరు మాట్లాడతారు? ఛాయ ఏడుపు ఆపుకుంటూ వెళ్ళిపోయింది. బయట ఏ పానీపూరీయో తినిపించి పాలని అంటోందని మేం చెవులు కొరుక్కున్నాం.

నల్లదానికి ఇంకా మందు నడుస్తుండగానే ఒక పొద్దున్న, ఇంట్లో చుట్టాలున్నారని నేను పెందలాడే బయల్దేరాను. తవుడు కోసం వెళ్ళిన సూర్యావతి, కొట్టు తియ్యలేదని తిరిగొస్తూ దారిలో కలిసింది. ఇద్దరం కలిసే లోపలికి వెళ్ళాం. నల్లదాని వెనక్కాళ్ళు రెండూ తాడుతో బిగించి ఉన్నాయి. అది నిలువునా వణుకుతోంది. తిరుమలరావు దాని పాలు పిండి, మా అందరికీ పోసే పెద్ద క్యానులో పోస్తున్నాడు. ఎర్రగుడ్డ అతని నడుముకి దోపి ఉంది.

సూర్యావతి ముందు వంగి తాడు విప్పింది. వాచిన మణికట్టుతో ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

"గుడ్డతో దీన్ని పిండతంటే సూసి గిరాకీ బెదిరిపోతాదక్కా" అన్నాడతను. "ఇన్ని పాలల్లో ఆ కూసింత కలిస్తే ఎవులికేటవుద్ది?"

"ఛాయ వొచ్చిన దినం కూడా కలిపినావేటి?"

అతను ఔనన్నట్టు తలాడించాడు.

"నీ నెత్తిమీద సెయ్యేసి ఒట్టేసినాన్రా. తెలిసుండీ తల ఒంచి ఏయించుకున్నావు."

క్యాను కాల్వలోకి ఒంపేసింది. అతని నడుం నుంచి గుడ్డ లాగి తీసుకెళ్ళి బయటి గేటుకి కట్టింది. దాని అర్థం తెలియనివాళ్ళు ఎవరున్నారు? వచ్చినవాళ్ళంతా చూసి, ఖాళీ క్యాన్లతో వెనక్కి మళ్ళారు. నేనూ మళ్ళాను. ఆ పాలు మా ఇంట్లోనూ కాగాయి, నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

ఆవిడ తిన్నగా ఛాయ గుమ్మంలోకి వెళ్ళి ఉన్నదంతా చెప్పింది. ఛాయ చివరిదాకా విన్నది.

"నేను అడిగాను కదా పిన్నీ" అంది. తలుపు వేసుకుంది.

దసరానాడు తిరుమలరావు వచ్చి అక్క కాళ్ళకి దండం పెట్టాడు. ఏటేటా అతను వంగగానే ఆవిడ నెత్తిన చెయ్యి వేసి దీవిస్తుంది. ఈసారీ అలవాటుగా చెయ్యి లేచింది. అతను తల వంచుకుని చాలాసేపు ఎదురుచూశాడు. ఆవిడ ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగులో దాచుకుంది.