ఈడ ఇడువాలె

సూర్యాపేట కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడమ్ పాఠం మధ్యలో మా చేతులు పట్టుకునేవారు. నాకు మొదట్లో చిరాకుగా ఉండేది.

ఓసారి, రెండు రోజులు పొదిగిన కోడిగుడ్డు పెంకును కత్తెరతో మెల్లగా తెరిచి, పిండం వెన్ను వెంట జతలుగా ఉన్న చిన్న ముద్దలను చూపించారు. వెన్నుపూసలు వాటి నుంచే వస్తాయట. ఆ ముద్దలెలా ఏర్పడతాయని అడిగితే, మా పన్నెండుమందినీ చేతులు పట్టుకుని వరుసగా నిలబడమన్నారు.

"కణాల మీద అంటుకునే అణువులుంటయి, అవే వాటి చేతులనుకోండ్రి. గట్టిగ పట్టుకుంటేనే ముద్ద అయితది" అన్నారు. ప్రతి నలుగురి తర్వాత ఒక జత చేతులు విడదీసి, "ఈడ ఇడువాలె. లేకుంటే ఇంకో ముద్ద పుట్టదు, వెన్ను కట్టె లెక్క ఉంటది" అన్నారు.

ఇప్పుడు మిర్యాలగూడలో నేనూ ఆ పాఠం అలాగే చెబుతాను. పిల్లలు నవ్వుతారు. చెప్పినప్పుడల్లా ఆమె కోదాడకు బదిలీ అయిన రోజు గుర్తొస్తుంది. బస్టాండులో నేను ఆమె చేయి వదల్లేదు. కండక్టర్ తొందరపెడుతున్నాడు. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే విడిపిస్తూ, "పాఠం మర్శినవా బిడ్డా? ఈడ ఇడువాలె" అని బస్సెక్కారు.

బస్సు కదిలింది. కింద నిలబడి కిటికీలోకి చూస్తే, ఆమె తన రెండు చేతులనూ ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.