నైరుతి తలుపు

మొన్న మా కోల్డ్ స్టోరేజీలో ఒక గోడకు సిమెంటు పూశారు. ఆ పచ్చి సిమెంటు వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండింది. "ఏమైందక్కా?" అని పక్కనున్న పిల్ల అడిగింది. ఏమని చెప్పను? ఆ వాసన వస్తే నాకు పర్చూరు వైపు మేం పనిచేసిన స్పిన్నింగు మిల్లు గుర్తొస్తుంది, వెంటనే మా షిఫ్టు సూపర్‌వైజరు కరీముల్లా గారు కళ్ళముందుకొస్తారు. నేనక్కడ తెగిన నూలు పోగులు అతికేదాన్ని. పెళ్ళికి ముందు మాట అది.

మిల్లు అప్పటికే ఈడుస్తోంది. మిషన్ల బేరింగులు అరిగిపోయి నూలు ఊరికే తెగేది, తిట్లేమో మాకు పడేవి. కొత్త బేరింగులు తెప్పించమని కరీముల్లా గారు ఎప్పుడడిగినా ఎండీ గారిది ఒకటే మాట, "చూద్దాం." అలా చూస్తూ చూస్తూ ఒకనాడు వాస్తు చెప్పే ఆయన్ని కారులో తీసుకొచ్చారు. ఆయన హాలంతా తిరిగి, నైరుతి మూల తలుపు ఉండబట్టే నష్టాలన్నాడట. మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి ఆ తలుపు లేదు! ఇటుకలు కట్టి సిమెంటు పూసేశారు. బేరింగులకు లేని డబ్బు ఇటుకలకు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ దేవుడికే తెలియాలి.

మేమంతా పడీపడీ నవ్వాం. కరీముల్లా గారు నవ్వలేదు. ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, నావైపు తిరిగారు. "అమ్మా సుజాతా, ఇప్పుడు పత్తికి నిప్పంటుకుంటే మీరంతా ఎటు పోతారు?" అన్నారు. ఇక మిగిలింది ఒక్కటే తలుపు, అది పత్తి బేళ్ళు పేర్చే వైపు. మంటంటూ పుడితే అక్కడే పుడుతుంది. ఆయన నేరుగా వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేశారు. మోత ఆగగానే ఎండీ గారు పరిగెత్తుకొచ్చారు.

"ఏమయ్యా, ఎవర్నడిగి ఆపావ్?"

"ఎవర్నీ అడగలేదండి. ఆ గోడ పగలగొట్టించండి, నేనే నడిపిస్తాను."

"మిల్లు నీదా నాదా?"

"మిల్లు మీదేనండి. ఈ పిల్లలు మాత్రం వాళ్ళ అమ్మానాన్నల బిడ్డలు. సాయంత్రం క్షేమంగా ఇంటికి పంపాల్సింది నేను."

ఉద్యోగం పోతుందన్నారు ఎండీ గారు. పిల్లలింకా బడిలో ఉన్న మనిషి, ఆయనకు భయం ఉండదా? అయినా స్టూలు తెచ్చుకుని ఆ గోడ ముందు కూర్చున్నారు. నాకసలే నోరెక్కువ, "మేమూ పని చెయ్యం" అని పక్కనే చతికిలబడ్డాను. మిగతా ఆడవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. పనంతా ఆగిపోయేసరికి ఎండీ గారు మధ్యాహ్నానికి ఆ గోడ కట్టిన మేస్త్రీనే పిలిపించి పగలగొట్టించారు. సాయంత్రానికి కరీముల్లా గారిని పనిలోంచి తీసేశారు. ఆయన కోసం మళ్ళీ కూర్చుంటామంటే వద్దని ఆయనే వారించారు.

ఆ హాల్లో ఆ తర్వాత ఎన్నడూ నిప్పు పుట్టలేదు. కొన్నేళ్ళకు మిల్లే మూతపడింది. నైరుతి తలుపు తెరిపించబట్టే మునిగానని ఎండీ గారు చెప్పుకుంటున్నారని విన్నాను. అంతే, కోపం పట్టలేక ఒంగోలు బస్సెక్కాను. అక్కడ కరీముల్లా గారు మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. "మంటా రాలేదు, మశానమూ రాలేదు. మీ ఉద్యోగం ఊరికే పోయింది సార్" అని ఆయన ముందు ఏడ్చేశాను.

ఆయన నా చేతికి టీ గ్లాసిచ్చి, "వస్తే బాగుండేదా ఏంటమ్మా?" అన్నారు. "అందరూ ఇళ్ళకు చేరారుగా. ఊరికే ఎందుకు పోయింది?"

ఇప్పుడు ఈ కోల్డ్ స్టోరేజీలో నా కింద ఆడవాళ్ళు మిర్చి బస్తాల పని చేస్తారు. వాళ్ళ కోసం పైవాళ్ళతో రోజూ ఏదో ఒక తగువు పెట్టుకుంటాను. గయ్యాళి అంటారు, అననీ. సాయంత్రం వాళ్ళంతా ఆటో ఎక్కేదాకా నాకు కాలు నిలవదు. ఏమీ జరగలేదని ఎవరూ ఎవరికీ దణ్ణం పెట్టరు. నేను మాత్రం ఏమీ జరగని ప్రతి సాయంత్రం, ఆటో మలుపు తిరిగాక, ఆయనకు మనసులోనే ఒక సలాం పెట్టుకుంటాను.